పాప నడిచేదాకా బాబును నాయనమ్మ దగ్గరికి పంపాలా?

హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. క్లుప్తంగా, చాలావరకు ఆమె మాటల్లోనే, విషయం ఇది.

‘మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదేళ్ళు, ఐదో తరగతి. బాబుకు నాలుగున్నర, ఎల్‌కేజీ. మూడోది పాప, ఐదో నెల నడుస్తోంది. పాప కడుపులో ఉండగా ఎనిమిదో నెలలో బీపీ పెరిగి నన్ను ఆసుపత్రిలో చేర్చారు. పెద్దదానికి బడి ఉందని వాళ్ళ నాన్న దగ్గరే ఉంచి, బాబును ఖమ్మం దగ్గర పల్లెలో మా అత్తగారింటికి పంపాం. రెండు వారాలనుకున్నది రెండున్నర నెలలైంది. తిరిగొచ్చినప్పటినుంచి వాడు మా బాబులా లేడు. ఏడాదిగా పక్క తడపనివాడు ఇప్పుడు వారంలో నాలుగైదు రాత్రులు తడుపుతున్నాడు. ముద్దుముద్దుగా మాట్లాడతాడు, అన్నం తినిపించమంటాడు, పాప పాలు తాగుతుంటే ఒళ్ళోకి ఎక్కుతాడు. ఎవరూ చూడకుండా గిల్లుతున్నాడు. మొన్న ఉయ్యాలను గోడకు తగిలేలా ఊపితే మావారు చెయ్యి చేసుకున్నారు. ఆ రాత్రి “దీన్ని ఆసుపత్రిలో ఇచ్చేసి రా” అని ఏడ్చాడు. నాకు భయమేసింది.

అత్తగారు దసరాకు వచ్చి వాణ్ణి తీసుకెళ్తానంటున్నారు. పాప నడిచేదాకా అక్కడే ఉంటాడు, అక్కడి బడిలోనే వేద్దామంటున్నారు. మావారికి సరే. నాకు మనసొప్పడం లేదు, అలాగని ఓపికా లేదు. మూడో కాన్పు కాబట్టి జీతంతో సెలవు 12 వారాలే ఇచ్చారు. ఇప్పుడు జీతం లేని సెలవులో ఉన్నాను, నవంబర్ ఒకటిన ఆఫీసులో చేరాలి. అప్పటికి పాపను చూసుకోవడానికి రేపల్లె నుంచి మా అమ్మ వస్తానంది. పెద్దమ్మాయి బంగారం, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. పాప సీసాలు కడగడం నుంచి తమ్ముడికి బాక్సు సర్దడం వరకు అదే చేస్తుంది. డాన్సు క్లాసు కూడా తనే మానేసింది. ఈమధ్య క్లాసులో నిద్రపోతోందని టీచర్ చెప్పారు. సాయంత్రమైతే నాకు ఎందుకో ఏడుపొస్తుంది. పాప పడుకున్నా నిద్ర పట్టదు. ఒక్కోసారి వాణ్ణి చూస్తే ప్రేమ బదులు కోపమే వస్తోంది. నేను చెడ్డతల్లినా? వాణ్ణి పంపాలా, వద్దా?’

అమ్మా,

పంపాలా వద్దా అన్నది తేల్చేముందు, ఈ నెలలన్నీ మీ బాబు వైపు నుంచి ఎలా గడిచాయో చూద్దాం. జరిగినవాటి వరుస మీకు తెలుసు: బీపీ, ఆసుపత్రి, ఆపరేషన్, పాప. వాడికి తెలిసిన వరుస వేరు. ఒకరోజు అమ్మ కనిపించకుండా పోయింది. తర్వాత తనను ఊరికి పంపేశారు. అక్కను పంపలేదు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు, ఎందుకంటే అప్పుడు ఎవరికీ తెలియదు. చివరికి ఇంటికొస్తే తను పడుకునే చోట ఇంకొకరున్నారు. చెల్లి పుడితే ఏ పిల్లవాడైనా కొంత అలుగుతాడు. మీవాడి బాధ అంతకన్నా పెద్దది. తనను తీసేసి ఆ చోట్లో పాపను తెచ్చుకున్నారని వాడి లెక్క. అది తప్పు లెక్కే. కానీ నాలుగున్నరేళ్ళవాడికి దొరికిన ఆధారాలన్నీ అటే చూపిస్తున్నాయి.

అందుకే ‘దీన్ని ఆసుపత్రిలో ఇచ్చేసి రా’ అన్న మాటలో నాకు క్రూరత్వం కనబడలేదు. నన్ను పంపగలిగినవాళ్ళు దీన్నెందుకు పంపరు అని అడుగుతున్నాడు వాడు.

ఉత్తరం మధ్యలో మీరు ఇంకో మాట రాశారు. పక్కింటివాళ్ళు, వచ్చిపోయే చుట్టాలు ‘ఇంక మీ అమ్మ పాపదేరా, నువ్వు మా ఇంటికొచ్చెయ్’ అంటారని, అత్తగారు ఫోనులో ‘నిన్ను తవుడు పోసి కొన్నాం’ అని ఏడిపిస్తారని. మన ఇళ్ళలో ఇది తరాలుగా ఉన్న సరదా, ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. ఎప్పుడూ ఇల్లు దాటని పిల్లవాడైతే కాసేపు ఉడుక్కుని మరచిపోతాడు. ఒకసారి నిజంగానే ఇల్లు దాటించిన పిల్లవాడికి అది బెదిరింపులా వినబడుతుంది. కాబట్టి వాడి గిల్లుడు కన్నా ముందు ఈ సరదాను ఆపించాలి. అత్తగారికి ఈ సంగతి మీవారు చెప్పాలి. కోడలు చెబితే తప్పుపట్టినట్టు ఉంటుంది, కొడుకు చెబితే మాట నిలుస్తుంది. ‘అమ్మా, వాడు నిజమనుకుంటున్నాడు, రాత్రి ఏడుస్తున్నాడు’ అంటే చాలు. మనవడు ఏడుస్తున్నాడంటే ఏ నాయనమ్మ అయినా మానేస్తుంది. పక్కింటివాళ్ళకు మాత్రం మీరే వాడి ఎదుటే చెప్పండి: ‘లేదండీ, వీడు మావాడే, ఎక్కడికీ ఇవ్వం.’ ఆ మాట వాడు వినడమే అసలు ప్రయోజనం.

ఇక పంపడం సంగతి. అత్తగారు ప్రేమతోనే అడుగుతున్నారు. మీకు నిద్ర కావాలి, ఇంట్లో ఒక గొడవ తగ్గాలి, ఆవిడకు తోచిన సాయం అది. పల్లెలో స్థలం ఉంటుంది, ఆటలుంటాయి, నెలరోజుల్లో పక్క తడపడం ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. అయితే ఆగినంత మాత్రాన బాధ తీరినట్టు కాదు. అక్కడ పోటీపడడానికి పాప ఉండదు, అంతే. పాప నడిచేసరికి ఇంకో ఎనిమిది నెలలైనా పడుతుంది. అప్పటికి వాడికి ఐదు దాటుతుంది. తిరిగొచ్చేసరికి పాప ఇల్లంతా తిరుగుతూ, అక్కతో ఆడుతూ, మీ అందరితో ఒక జట్టుగా ఉంటుంది. వాడు బయటినుంచి వచ్చి చేరాలి. ఇప్పటి గొడవ అప్పుడు ఇంకా గట్టిగా మొదలయ్యే అవకాశమే ఎక్కువ. సగం ఏడాదిలో బడి మారడం, మళ్ళీ జూన్‌లో మారడం దానికి అదనం.

ఇంకొకటి కూడా చూసుకోండి. అత్తగారిది పత్తి చేనని రాశారు. దసరా దాటాక పత్తితీతలు జోరందుకుంటాయి. ఆవిడ పగలంతా చేనులో, కూలీల వెంట ఉంటే బాబును ఎవరు చూస్తారు? రెండున్నర నెలలు చూసిన మనిషే కాబట్టి చూస్తుందిలే అనుకోవద్దు. అప్పుడు వేసవి, పనులు తక్కువ. మీవారు ఈ ప్రశ్న వాళ్ళమ్మను సూటిగా అడగాలి.

ఒకవేళ మీ ఇద్దరూ ఆలోచించుకుని పంపడానికే నిర్ణయించుకుంటే, దాని హాని తగ్గించే దారులున్నాయి. గొడవ జరిగిన వారంలో పంపకండి, అది శిక్ష అవుతుంది. ఎప్పుడు తీసుకొస్తారో తేదీ ముందే ఖాయం చేసి, క్యాలెండర్ మీద వాడిచేతే గుర్తు పెట్టించండి. ఆ తేదీని ఏ కారణానికీ దాటనివ్వకండి. పోయినసారి రెండు వారాలు రెండున్నర నెలలైన సంగతి వాడికి గుర్తుంది. మధ్యలో ప్రతి రెండు వారాలకూ అమ్మో నాన్నో వెళ్ళి కనబడాలి. ఇదంతా చేయగలిగితే కొన్ని వారాలు పంపవచ్చు. పాప నడిచేదాకా అన్న గడువుకు మాత్రం నేను మీకు సరే అని చెప్పలేను.

రెండో దారి, అందరూ కలిసి వెళ్ళి కలిసి రావడం. దసరా సెలవుల్లో మీ ఐదుగురూ ఊరికి వెళ్ళండి. అత్తగారి మాట తీసేసినట్టు ఉండదు. బతుకమ్మ రోజులు కూడా కాబట్టి పిల్లలకు తంగేడు, గునుగు పూలు కోసుకురావడం, పేర్చడం ఉంటుంది. వాడు ఏ ఇంట్లో అమ్మ లేకుండా ఉన్నాడో అదే ఇంట్లో అమ్మతో ఉంటాడు, అమ్మతోనే బస్సెక్కి తిరిగొస్తాడు. పంపడం అన్నమాటకు వాడి మనసులో ఉన్న అర్థం మారడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తోచడం లేదు. మీకు ప్రయాణం శ్రమే. బాలింత ఒళ్ళు, చంటిపాప, సామాను. అందుకే ఐదారు రోజులు చాలు. రాత్రిపూట కాకుండా పగలు వెళ్ళండి.

మూడో దారి, సాయాన్ని ఇక్కడికే తెప్పించుకోవడం. మీ అమ్మగారు ఎలాగూ నవంబర్‌కు వస్తున్నారు. వీలైతే అక్టోబర్ మొదటివారానికే రమ్మనండి. ఒక నెల ముందు వస్తే మీరు ఇంట్లో ఉండగానే పాపకు ఆవిడ అలవాటవుతారు, ఆ గంటలు మీకు బాబు కోసం మిగులుతాయి. ఖర్చు భరించగలిగితే అంట్లకు, ఇల్లు తుడవడానికి ఒక పనిమనిషిని రెండు పూటలా పెట్టుకోండి. జీతం లేని నెలల్లో అది బరువే, నాకు తెలుసు. కానీ నవంబర్‌లో ఉద్యోగంలో చేరాక ఎలాగూ పెట్టుకోవలసిందే కాబట్టి ఆ ఖర్చును ఒక నెల ముందుకు జరపడమే. సాయం ఏ పనికి పెట్టుకుంటారన్నది కూడా ముఖ్యం. మన దగ్గర సాయానికి వచ్చినవాళ్ళు పెద్దపిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, తల్లిని చంటిబిడ్డతో వదిలేస్తారు. మీ ఇంట్లో దానికి తిరగేసి చేయాలి. బాబుకు కరువైంది ఆట కాదు, మీరు. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే మీవారు పాపను ఎత్తుకుని బాల్కనీలోకో కిందికో వెళ్ళాలి. బాబును పడుకోబెట్టేది మీరై ఉండాలి.

ఆ పావుగంటో ఇరవై నిమిషాలో రోజూ ఒకే వేళకు, పాప కంటికి కనబడనప్పుడు జరగనివ్వండి. కథ చెప్పండి, వీపు నిమరండి, వాడేం చేద్దామంటే అది. ఫోను పక్కగదిలో పెట్టండి. వాడు అల్లరి చేసిన రోజు కూడా దాన్ని రద్దు చేయకండి. అది బహుమతి అనుకుంటే మళ్ళీ సంపాదించుకోవలసిన వస్తువైపోతుంది.

పాపలా ఉండాలనిపించినప్పుడు ఉండనివ్వండి. గోరుముద్దలు అడిగితే పెట్టండి. ఉయ్యాలలో పడుకోవాలంటే మాత్రం కుదరదు, ఎందుకో చెబుతాను. చీరతో కట్టిన ఉయ్యాలైతే నాలుగేళ్ళవాళ్ళు దాన్ని మెలితిప్పి తిరుగుతారు, మెడకు చుట్టుకున్న ప్రమాదాలు మన దగ్గర జరిగాయి. బదులుగా మీ ఒళ్ళో దుప్పటి చుట్టి పడుకోబెట్టుకోండి. ‘పెద్దవాడివయ్యావు, సిగ్గులేదా’ అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. పెద్దవాడు కావడంవల్ల వాడికి ఇప్పటిదాకా ఏ లాభమూ కనబడలేదు. చూపించండి. నాన్నతో బండి మీద కూరలకు వెళ్ళడం, పాప తినలేని జామకాయ కొరికి తినడం లాంటివి.

పాప దగ్గర హద్దు మాత్రం గట్టిగానే ఉండాలి. ఇద్దర్నీ గదిలో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకండి, స్నానానికి వెళ్ళినా సరే. గిల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ‘పాపను గిల్లనివ్వను, కోపమొస్తే నాకు చెప్పు’ అనండి. ఎందుకు గిల్లావని అడగకండి, వాడికీ తెలియదు. కొట్టడం గురించి మీవారితో మీరు మాట్లాడాలి. పాపకు దెబ్బ తగులుతుందేమోనన్న భయంలో చెయ్యి లేచి ఉంటుంది, అర్థమవుతుంది. కానీ చిన్నదాన్ని కొట్టకూడదని చెబుతూ చిన్నవాణ్ణి కొడితే వాడు నేర్చుకునేది కొట్టడమే. పైగా పాప వచ్చాకే నాన్న కొట్టాడన్న ఇంకో ఆధారం వాడి లెక్కలో చేరుతుంది.

‘పాప పడుకుంది అరవకు’, ‘పాపకు పాలిస్తున్నా ఆగు’ అని రోజంతా అంటే వాడికి దొరకని ప్రతిదానికీ పాపే కారణమవుతుంది. సగం సార్లు పాప పేరు తీసేయండి. ‘నా చేతిలో పని ఉంది, అయ్యాక వస్తా’ అంటే సరిపోతుంది. అప్పుడప్పుడు వాడు వినేలా పాపతో, ‘ఆగమ్మా, అన్నకు చెప్పులు తొడిగి వస్తా’ అనండి. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్, కేరల్ కెండ్రిక్ అనే పరిశోధకులు రెండో బిడ్డ పుట్టబోయే 40 కుటుంబాల ఇళ్ళకే వెళ్ళి, కాన్పుకు ముందు నుంచి చిన్నబిడ్డకు ఏడాది దాటేదాకా గమనించారు. పెద్దపిల్లల్లో ఎక్కువమంది మొదట్లో మారాం చేసినవాళ్ళే, అమ్మను వదలనివాళ్ళే. అయితే కొందరు తల్లులు పెద్దబిడ్డతో చంటిబిడ్డ గురించి ఒక మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఎందుకేడుస్తోందంటావు, ఆకలా, నీ గొంతు వినాలనా అని అడిగేవారు. ఆ ఇళ్ళలో ఏడాది తర్వాత పిల్లలు ఒకరితో ఒకరు స్నేహంగా ఉండడం వాళ్ళు ఎక్కువగా చూశారు. మీ పాపకు ఐదో నెల. మనుషుల్ని చూసి నవ్వుతుంది. అన్నను చూసి నవ్వినప్పుడు చెప్పండి: ‘చూడు, నిన్ను చూసే నవ్వింది.’ ముద్దుపెట్టమనో ఎత్తుకోమనో బలవంతం చేయకండి.

పక్క తడపడానికి మందలింపు వద్దు. ఫోనులో నాయనమ్మకు వాడి ఎదుట చెప్పడం అసలే వద్దు. పరుపు మీద రబ్బరు షీటు వేసి, పడుకునేముందు బాత్రూంకు తీసుకెళ్ళి, తడిపితే మాటల్లేకుండా మార్చేయండి. ఈ వయసులో పక్క తడపడం చాలామందిలో ఉండేదే, కానీ ఆగిపోయాక మళ్ళీ మొదలైంది కాబట్టి పిల్లల డాక్టరుకు చూపించి మూత్రపరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా ఇలాగే అవుతుంది. నీళ్ళు విపరీతంగా తాగుతున్నా, బరువు తగ్గుతున్నా ఆ రోజే షుగర్ చూపించాలి.

ఇప్పుడు మీ పెద్దమ్మాయి. నాలుగు పేజీల్లో ఆమెకు నాలుగైదు వాక్యాలే దొరికాయి, అవీ ఎక్కువగా మెచ్చుకోళ్ళే. ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపినవి అవే. తమ్ముణ్ణి ఊరికి పంపినప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది. పదేళ్ళ పిల్ల దాన్నుంచి ఏం తెలుసుకుని ఉంటుంది? గొడవ చేసేవాళ్ళను పంపుతారు, పనికొచ్చేవాళ్ళను ఉంచుకుంటారు అని అనుకుని ఉండవచ్చు. ఇప్పుడు అల్లరి చేస్తున్నాడని మళ్ళీ తమ్ముణ్ణి పంపితే ఆ ఊహ ఖాయమవుతుంది. ఆమె ఇంకా మంచిపిల్ల అయిపోతుంది, ఇంకా ఎక్కువ పని చేస్తుంది, ఇంకా తక్కువ మాట్లాడుతుంది. ఆ పంపడం నాకు ఇష్టం లేకపోవడానికి బాబు ఎంత కారణమో ఈ పిల్లా అంతే కారణం.

డాన్సు క్లాసు తనే మానేసిందని రాశారు. పిల్లలు ఇష్టమైనదాన్ని ఊరికే మానరు. దింపడానికి, తీసుకురావడానికి ఎవరూ లేరని చూసి, అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని మానేసి ఉంటుంది. క్లాసులో నిద్ర పాప ఏడుపువల్లే అయితే దానికి మందు తేలిక, ఆమె పడకను హాల్లోకి మార్చండి. అంతకుమించి ఏమైనా ఉందేమో టీచర్ని ఒకసారి కలిసి అడగండి, స్నేహితులతో ఎలా ఉంటోంది, నోట్సులు ఎలా ఉన్నాయి అని. ఇంట్లో ఆమె చేసే పనుల్లో రెండు ఆమెకు ఉంచి మిగతావి తీసేయండి. బాక్సు సర్దడం నాన్నది. సీసాలు కడగడం మీదో పనిమనిషిదో. వాటిని మరిగించడం వేడినీళ్ళ పని, పదేళ్ళ పిల్ల చేతికి ఇవ్వకూడదు. బాబు పదేళ్ళవాడై ఉంటే ఇవే పనులు వాడు చేసేవాడా అని మీవారూ మీరూ నిజాయితీగా ప్రశ్నించుకోండి. బారసాలలో ఎవరో ‘మళ్ళీ ఆడపిల్లేనా’ అన్నారని రాశారు. పెద్దది అక్కడే ఉండి ఉంటుంది. ఆ మాట పాపకు తెలియదు, ఆమెకు తగిలింది. మీ ఇద్దరు ఆడపిల్లలూ మీకు సంతోషమేనని ఆమెతో ఎప్పుడైనా అన్నారా? అనకపోతే ఈ వారమే అనండి.

‘ఎలా ఉన్నావమ్మా’ అంటే ‘బాగానే ఉన్నా’ అంటుంది, అక్కడితో వదలకండి. వారంలో ఒకరోజు మీరిద్దరే అరగంట బయటికి నడవండి. జడ వేస్తున్నప్పుడు పిల్లలు మొహం చూడనక్కర్లేదు కాబట్టి కొన్ని మాటలు బయటికి వస్తాయి. ఒకటి రెండేళ్ళలో ఆమె ఒంట్లో మార్పులు మొదలవుతాయి. వాటి గురించి అడగడానికి మీరున్నారని ఆమెకు ఇప్పుడే తెలియాలి.

ఇక మీరు. చెడ్డతల్లినా అని అడిగారు. కాదు. బిడ్డ మీద ప్రేమ లేనిదానికి వాణ్ణి పంపడానికి మనసొప్పకపోవడం ఉండదు. కోపం వస్తున్నది నిద్రలేక, ఒళ్ళు కోలుకోక, రోజంతా ముగ్గురికి సరిపోక. కానీ మీరు రాసినవాటిలో రెండు విషయాలు నేను ఓదార్చి వదిలేయలేను. రోజూ సాయంత్రం ఏడుపు, పాప నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోవడం. కాన్పయిన మొదటి రెండు వారాల్లో వచ్చే ఏడుపు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. మీకు కాన్పయి ఇది ఐదో నెల. ఇది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. పాలిస్తూ వాడదగిన మందులూ ఉన్నాయి. మీకు కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి ఈ వారంలో వెళ్ళి ఈ రెండు వాక్యాలూ ఇలాగే చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అడగండి. కాన్పు తర్వాత బీపీ మళ్ళీ చూపించుకున్నారో లేదో రాయలేదు, అదీ చూపించండి. వెళ్ళేలోపు మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళైనా, తెలుగులో మాట్లాడతారు. మీకు మీరు హాని చేసుకోవాలనో, పిల్లల్లో ఎవరికైనా హాని చేయాలనో ఆలోచన వస్తే మాత్రం ఆగకుండా అప్పుడే మీవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. ఈ పేరా మీవారిచేత చదివించండి.

ఉద్యోగం గురించి కొంత. ఇద్దరు పిల్లలు ఉన్నాక వచ్చే కాన్పుకు 12 వారాలే ఇవ్వడం చట్టప్రకారమే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో 26 వారాలు మొదటి ఇద్దరికే పెట్టారు. నాకు అది అన్యాయమనే అనిపిస్తుంది, మూడో బిడ్డకు తల్లి ఒళ్ళు త్వరగా కోలుకోదు కదా. అయితే మీరు అడిగి తీసుకోగలిగినవి ఉన్నాయి. పాపకు 15 నెలలు నిండేవరకు, మామూలు విరామం కాక రోజుకు రెండుసార్లు బిడ్డకు పాలివ్వడానికి విరామం మీ హక్కు. 50 మంది గానీ అంతకుమించి గానీ పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూడవచ్చు. పనిని బట్టి, యాజమాన్యం ఒప్పుకుంటే ఇంటినుంచి చేసే ఏర్పాటుకూ చట్టంలో చోటుంది. మీది అకౌంట్స్ పని అన్నారు, వారంలో రెండు రోజులైనా అడగండి. అక్టోబర్‌లోనే ఈమెయిల్‌లో రాసి అడగండి, చేరిన రోజు నోటిమాటగా అడిగితే నిలవదు. బాబు ఊరికి వెళ్ళడం, మీరు ఉద్యోగానికి వెళ్ళడం ఒకే నెలలో జరగకుండా చూసుకోవడం కూడా అవసరం. వాడికి నవంబర్ ఒకటి అంటే అమ్మ ఇంకోసారి వెళ్ళిపోవడమే. ఒక వారం ముందునుంచి చెప్పండి, ఆఫీసు చూపించండి, ఏ వేళకు తిరిగొస్తారో గడియారంలో చూపించండి.

వీటిలో ఏదీ పది రోజుల్లో ఫలితమివ్వదు. రెండు రోజులు బాగుండి మూడో రోజు మళ్ళీ గిల్లుతాడు, అది వెనక్కి పోవడం కాదు. సంక్రాంతి వరకు చూడండి. అప్పటికీ గిల్లుడు తగ్గకపోయినా, బడిలో మిగతా పిల్లల్ని కూడా కొడుతున్నా, తిండి, ఆట మానేసినా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. వెళ్ళేటప్పుడు ఆ రెండున్నర నెలల సంగతి ముందుగా చెప్పండి. పాప పుట్టినందుకే అనుకుని మొదలుపెడితే వాళ్ళకూ దారి తప్పుతుంది.